ఇనప్పెట్టె దగ్గర కునుకు

స్మిర్నాలో ఫౌట్స్ ఇంటిపేరుతో పుట్టినవాడికి ఎక్కడికెళ్లినా ముందు ఆవలింత ఎదురవుతుంది. డెల్మర్ ఫౌట్స్‌కి అది బళ్లో మొదటిరోజే ఎదురైంది. పంతులమ్మ హాజరు పిలుస్తూ "ఫౌట్స్" అనగానే వెనక బల్ల మీంచి ఎవడో గుర్రుపెట్టాడు. తరగతంతా పగలబడి నవ్వింది. పంతులమ్మ కూడా పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆవిడా ఆ కౌంటీ మనిషే మరి.

ఆ గుర్రుకి మూలపురుషుడు డెల్మర్ ముత్తాత, ఎజ్రా ఫౌట్స్. ఇండియానా రాష్ట్రంలో పెల్హామ్ కౌంటీకి, అంటే జిల్లాకి, ఒకప్పుడు ముఖ్యపట్టణం స్మిర్నాయే. కచేరీ అక్కడే, జైలు అక్కడే, కౌంటీలో ఎవరి పొలం ఎంతవరకో చెప్పే కాగితాలన్నీ ఉన్న ఇనప్పెట్టె అక్కడే. ఇంతలో రైలొచ్చింది. స్మిర్నా దాకా రాకుండా గాడ్విన్ మీదుగా పోయింది. గాడ్విన్ వాళ్లకి గర్వం తలకెక్కి, కచేరీ మా ఊళ్లో ఉండాలన్నారు. ఓట్లు పెట్టారు. గాడ్విన్ గెలిచింది. చచ్చినవాళ్ల ఓట్లు కూడా లెక్కేశారని స్మిర్నావాళ్లు ఇప్పటికీ అంటారు. ఆ సమాధులు స్మిర్నాలోవే కదా, అంటే మీవాళ్లే మాకు వేశారు అని గాడ్విన్ వాళ్లు ఇప్పటికీ అంటారు.

ఓడినా స్మిర్నా పెట్టె ఇవ్వనంది. పెట్టె ఎక్కడుంటే కచేరీ అక్కడ. అందుకని ఎజ్రాని దాని దగ్గర కాపలా పెట్టారు. ఆగస్టు నెల, మధ్యాహ్నం వేళ, ఊరంతా ఏటి దగ్గర బాప్తిస్మాలు చూడ్డానికి పోయింది. ఎజ్రా పీచ్ పళ్లు పెట్టి కాల్చిన 'పై' అనే తీపి రొట్టె ఒకటి, మొత్తం, ఒక్కడే తిని కచేరీ అరుగు మీద కుర్చీలో కూలబడ్డాడు. గాడ్విన్ నుంచి ఆరుగురు బండి కట్టుకుని వచ్చారు. పెట్టెని దుంగల మీద దొర్లించి బండెక్కించారు. ఎజ్రా కదల్లేదు. వెళ్తూ వెళ్తూ గోడ గడియారం కూడా పట్టుకుపోయారు. ఎజ్రా కదల్లేదు. చివరికి ఆ ఆరుగురిలో ఒకడు జాలిపడి, ఈగలు వాలుతున్నాయని, కింద పడ్డ టోపీ తీసి ఎజ్రా మొహం మీద కప్పి మరీ వెళ్లాడు. పెట్టె పోయినందుకు కాదు, గడియారం పోయినందుకు కాదు, ఆ టోపీ సంగతి తలుచుకుంటేనే ఫౌట్స్ వాళ్లకి తల కొట్టేసినట్టుంటుంది.

లోకంలో పెద్ద పెద్ద దొంగతనాలు జరక్కపోలేదు. వెనిస్ వర్తకులు అలెగ్జాండ్రియా నుంచి ఒక పరిశుద్ధుడి అస్థికల్ని పందిమాంసం కింద దాచి ఓడెక్కించారని చెబుతారు. అక్కడి కాపలావాళ్లు కనీసం ముక్కు మూసుకుని పక్కకి తిరిగారు. పందిమాంసం ముట్టకూడనివాళ్లు, దానికో కారణముంది. ఎజ్రాకి పీచ్ పై తప్ప వేరే కారణం లేదు. అందులో గాడ్విన్ వాళ్లు ఏదో మందు కలిపారని ఫౌట్స్ వాళ్లు చాలాకాలం చెప్పుకున్నారు గానీ, ఆ పై కాల్చింది ఎజ్రా పెళ్లామే కావడంతో ఆ మాట ఇంట్లోనే ఆగిపోయింది.

డెల్మర్ మాత్రం నిద్రమొహం మనిషి కాదు. కౌంటీ బడి బస్సు నడిపాడు, జుట్టు నెరిసి ఊడిపోయేదాకా. మంచు కురిసినా, మొక్కజొన్న చేల మధ్య పొగమంచు గోడలా నిలబడ్డా, వెనకాల పిల్లకాయలు ఏకబిగిన గోల చేస్తున్నా, స్టీరింగ్ దగ్గర ఒక్కనాడూ రెప్ప వాల్చలేదు. పిల్లలు బస్సెక్కుతూ "నిద్రపోకు డెల్మర్" అనేవాళ్లు. ఆ పిల్లలే పెద్దవాళ్లై, తమ పిల్లల్ని బస్సెక్కిస్తూ అదే మాట అన్నారు. డెల్మర్ ప్రతివాళ్లకీ ఒకటే జవాబిచ్చేవాడు: "కూర్చోండి."

పెళ్లి చేసుకున్నది గాడ్విన్ పిల్లని. పేరు ఆర్డిస్. ఆ రోజుల్లో స్మిర్నాలో అది మతం మార్చుకోవడం కంటే పెద్ద విషయం. పెళ్లి విందులో ఆమె తండ్రి గ్లాసు పైకెత్తి, "మావాళ్లు మీ పెట్టె తెచ్చుకున్నారు, మీవాడు మా పిల్లని తీసుకుపోతున్నాడు, చెల్లుకి చెల్లు" అన్నాడు. "మామయ్యా, గడియారం మిగిలిపోయింది" అన్నాడు డెల్మర్. అతను జీవితంలో వేసిన మంచి జోకు అదొక్కటే అని ఆర్డిస్ అంటుంది.

ఇక పెట్టె పండగ. ఏటా ఆగస్టులో ఆ దొంగతనాన్ని మళ్లీ చేస్తారు. కౌంటీలో ఎవరికీ ఇందులో వింతేమీ కనిపించదు. అసలు పెట్టె గాడ్విన్ కచేరీ హాల్లో ఉంటుంది. పండగకి ముందురోజు గాడ్విన్ వాళ్లే దాన్ని లారీలో తెచ్చి స్మిర్నాలో దించి, "జాగ్రత్త, రేపు దొంగిలించాలి" అని చెప్పి వెళ్తారు. మర్నాడు ఆరుగురు గాడ్విన్ పెద్దమనుషులు ఉన్నికోట్లు వేసుకుని, అతికించుకున్న గడ్డాలతో, కంచరగాడిదల బండి మీద వచ్చి దొంగిలిస్తారు. స్మిర్నా జనం బుగ్గలు నొక్కుకుని కాసేపు ఏడ్చి, బండి వెనకాలే కార్లలో గాడ్విన్ వెళ్లి, పెద్ద ఇనప బానల్లో వండిన చిక్కుడుగింజల పులుసు, మొక్కజొన్న రొట్టె తిని ఇళ్లకి పోతారు. అరుగు మీద కుర్చీలో నిద్రపోవాల్సింది మాత్రం ఫౌట్స్ వాళ్లే. అది రాసిపెట్టిన నియమం కాదు, కానీ ఇంకొకరు కూర్చున్నట్టు ఎవరికీ గుర్తులేదు. డెల్మర్ తండ్రి కూర్చున్నాడు. తర్వాత డెల్మర్ కూర్చున్నాడు.

మొదటి ఏడు నటించాడు. ఒక కన్ను కొద్దిగా తెరిచి చూస్తే అందరూ తననే చూస్తున్నారు, సిగ్గేసి మూసేశాడు. రెండో ఏడు నిజంగానే నిద్రపోయాడు. ఆ కుర్చీలో ఏముందో తెలియదు. ఆగస్టు ఎండ, అరుగు నీడ, పొట్టలో పీచ్ పై, చేయాల్సిన పని ఏమీ చేయకపోవడమే కావడం, అన్నీ కలిశాయి. అప్పట్నుంచీ ప్రతి ఏడూ అంతే. గాడ్విన్ పత్రిక "ఎంత సహజమైన నటన!" అని రాసేది. డెల్మర్ గుర్రు వినడానికి పక్క కౌంటీల నుంచి కూడా జనం వచ్చేవాళ్లు. అది నటన కాదని తెలిసింది ఆర్డిస్‌కి ఒక్కదానికే. ఆవిడకి ఆ గుర్రు ఏ శ్రుతిలో ఉంటుందో తెలుసు.

పోయినేడు పండగైన వారానికి చర్చిలో ఎవరో పెద్ద తెర మీద పండగ వీడియో వేశారు. డెల్మర్ తనని తాను మొదటిసారి చూసుకున్నాడు. నోరు తెరుచుకుని ఉంది. పెదవి మీద ఈగ వాలి, అటూ ఇటూ నడిచి, లోపలికి తొంగిచూసి వెళ్లిపోయింది. జనం పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. అతని వెనకగా బండి కదిలింది. జెండాలు ఊగాయి, కంచరగాడిదలు తలలాడించాయి, స్మిర్నా ఆడవాళ్లు రుమాళ్లు ఊపారు, ఎండలో ఆ పెట్టె నల్లగా మెరుస్తూ వీధి మలుపు తిరిగింది. చూడ్డానికి ఎంత బాగుందో!

డెల్మర్ ఇంటికొచ్చి టోపీ కూడా తియ్యకుండా కుర్చీలో కూర్చున్నాడు.

"ఏమయిందయ్యా?" అంది ఆర్డిస్.

"అంత బాగుంటుందని ఎవరూ చెప్పలేదే నాకు."

"ఏది?"

"బండి వెళ్లడం. ఊరందరూ చూశారు. నేనొక్కణ్ణే చూళ్లేదు. నా పక్కనే జరుగుతోంది, ప్రతి ఏడూ."

"నువ్వు నిద్రపోవాలి కదయ్యా. నీ పనే అది."

"ఒక్కసారి, ఆర్డిస్. ఒక్కసారి కళ్లు తెరిచి 'ఎవడ్రా అది?' అనాలి. బండి వెళ్లడం చూడాలి. ఆ తర్వాత ఎవరేం చేసుకున్నా సరే."

ఈ ఏటి పండగ తర్వాత అతను కుర్చీ దిగిపోవాలి, మోకాళ్లు వినడం లేదు. తర్వాత కుర్చీ ఎక్కాల్సింది కూతురు జనెల్. ఆమె గాడ్విన్ ఆసుపత్రిలో నర్సు. పిల్ల పేరు చెప్పినా లోకం ఆవలించకుండా చూడాలని కూడా అతని మనసులో ఉంది. అందుకే ఇది ఆఖరి అవకాశం.

పండగ కమిటీ గ్రంథాలయం కింది గదిలో కూర్చుంటుంది. చరిత్ర సంఘం అధ్యక్షురాలు మార్జొరీ ట్వైనింగ్ అక్కడ చెప్పిందే మాట. ఆవిడకి చరిత్ర అంటే ఇస్త్రీ చేసిన చొక్కా, ఎక్కడా ముడత పడకూడదు. దొంగల నాయకుడు లొవెల్ ప్రిబుల్ కూడా ఉన్నాడు. ఆయన గాడ్విన్‌లో పళ్ల డాక్టరు. ఆ కౌంటీలో సగం మంది నోళ్లలో వేలు పెట్టినవాడు కాబట్టి అందరితోనూ చనువెక్కువ.

డెల్మర్ టోపీ చేతిలో నలుపుకుంటూ విషయం చెప్పాడు.

"మేలుకుంటావా?" అంది మార్జొరీ, ఎవరో కచేరీకి నిప్పు పెడతానన్నట్టు. "డెల్మర్, ఎజ్రా మేలుకోలేదు."

"తెలుసండీ మార్జొరీ గారూ. కానీ మా ముత్తాత ఒక్కసారి నిద్రపోయాడు. మేము ఏటా పోతున్నాం. ఇప్పటికి ఆయన కంటే మేమే ఎక్కువ పడుకున్నాం."

ప్రిబుల్ పకపకా నవ్వాడు. "ఒరేయ్ డెల్మర్, నీ గుర్రు లేకపోతే మాకు బండెక్కించే తాళం తప్పుతుందిరా. ఆ గుర్రు మీదే కదా మేము 'హైలెస్సా' కొట్టేది!"

"కుదరదు," అంది మార్జొరీ. "చరిత్రలో ఎవరూ లేవలేదు. మనమూ లేవం. తర్వాత విషయం, సంచార మరుగుదొడ్లు ఎన్ని తెప్పించాలి?"

డెల్మర్ ఇంటికొచ్చి ఆర్డిస్‌తో ఒకటే మాట అన్నాడు: "కాఫీ ఎక్కువ కొను."

పండగరోజు పొద్దున్నించీ తాగాడు. పీచ్ పై ముక్క తినాల్సిన చోట ఆర్డిస్ రహస్యంగా ఆవపిండి ముద్ద పెట్టిన రొట్టె చేతిలో పెట్టింది. నోట్లో పెట్టుకున్నాడో లేదో కళ్లమ్మట నీళ్లు ధారగా కారాయి. ముందు వరసలో ఉన్న ఒకావిడ "పాపం, ఎజ్రా మనసుకి ముందే తెలిసిందేమో" అని పక్కావిడతో గుసగుసలాడింది. టోపీలో మంచుముక్కలు పెట్టాడు. బూట్లలో మొక్కజొన్న గింజలు పోసుకున్నాడు. కుర్చీలో కూర్చుని, కాళ్లు చాచి, కళ్లు మూసినట్టు పెట్టి, కొంచెం సందు ఉంచాడు. ఆ సందులోంచి చూస్తుంటే లోకం ఇరుకుగా, చాలా కులాసాగా కనిపించింది.

బండి వచ్చింది. ఆరుగురు దొంగలు దిగారు. మునివేళ్ల మీద నడుస్తున్నారు. అప్పుడు తెలిసింది డెల్మర్‌కి, ప్రిబుల్ మునివేళ్ల మీద నడిస్తే బాతులా ఊగుతాడని. ఇన్నేళ్లూ ఇదంతా పోగొట్టుకున్నానే అనిపించింది. ఆరుగురూ పెట్టె చుట్టూ చేరి, చేతులు ఆనించి, అలవాటుగా గుర్రు కోసం ఎదురుచూశారు.

గుర్రు రాలేదు. డెల్మర్ లేచి నిలబడ్డాడు.

"ఎవడ్రా అది?"

ప్రిబుల్ గడ్డం ఒక పక్క ఊడి వేలాడింది.

"డెల్మర్," అన్నాడు ప్రిబుల్ మెల్లగా, "నువ్వు నిద్రపోతున్నావు."

"లేదు. పోవడం లేదు."

"పోతున్నావురా బాబూ!"

"నా మొహం చూసి చెప్పు డాక్టరూ, పోతున్నానా?"

ప్రిబుల్ చూశాడు. ఎర్రగా, నీళ్లు కారుతూ, చింతనిప్పుల్లా ఉన్న కళ్లు. పోవడం లేదు. ఆయన మార్జొరీ వైపు తిరిగాడు. మార్జొరీ అరుగు కింద నిలబడి, చేతిలో ఉన్న విసనకర్ర మూసేసింది.

పెట్టె ఎత్తుకుని పోవచ్చు కదా అని బయటివాళ్లకి అనిపిస్తుంది. ఆరుగురు మగాళ్లు, ఒక్క ముసలివాడు. కానీ గాడ్విన్ ఊరి పరువంతా ఒక్క మాట మీద నిలబడి ఉంది: మేం ఎవరి మీదా చెయ్యి ఎత్తలేదు, ఎవర్నీ బెదిరించలేదు, నిద్రపోతున్నవాణ్ణి లేపను కూడా లేదు. బళ్లో పిల్లలకి అదే నేర్పుతారు, కచేరీ ముందు రాతి పలక మీద అదే చెక్కించారు. కాపలావాడు చూస్తుండగా తీసుకుంటే అది దోపిడీ. గాడ్విన్ వాళ్లు దొంగలే గానీ దోపిడీగాళ్లు కారు.

"తియ్యడానికి వీల్లేదు," అంది మార్జొరీ గట్టిగా. "అతను నిద్రపోయేదాకా ఆగండి."

"నాకు నిద్ర రావట్లేదండీ," అన్నాడు డెల్మర్ మర్యాదగా.

స్మిర్నా జనం ముందు విసుక్కున్నారు, పులుసు చల్లారిపోతుందని. తర్వాత ఎవడో వెనక నుంచి "నిద్రపోకు డెల్మర్!" అని అరిచాడు. పుట్టిందగ్గర్నుంచీ వింటున్న ఆ మాట మొదటిసారి వెక్కిరింతలా వినిపించలేదు అతనికి. ఊరంతా అందుకుంది. రుమాళ్లు ఊపారు.

ఇక గాడ్విన్ వాళ్లు అతన్ని నిద్రపుచ్చే పనిలో పడ్డారు. ఒకావిడ పీచ్ పై తెచ్చి మోకాళ్ల మీద పెట్టింది. తిన్నాడు. ఇంకోటి పెట్టారు. అదీ తిన్నాడు, కళ్లు గుండ్రంగా తెరిచి. చర్చి పాటగాళ్లని పిలిచి జోలపాట పాడించారు. పాస్టర్ గ్లెన్‌ని బతిమాలారు.

"నేను ఏం చేయాలి?" అన్నాడు పాస్టర్.

"పోయిన ఆదివారం ప్రసంగం మళ్లీ చెప్పండి," అన్నాడు ప్రిబుల్.

పాస్టర్ మొహం చిన్నబోయింది గానీ చెప్పాడు. నిర్గమకాండంలో గుడారం తెరల కొలతల మీద ఉంది ఆ ప్రసంగం. మూరలు వస్తున్నాయి, కొక్కేలు వస్తున్నాయి, తెరల మీద తెరలు వస్తున్నాయి. ముందు వరసలో టోపీలు ఒక్కొక్కటే ముందుకి వాలాయి. ఎండలో ఉన్నికోట్లతో నిలబడలేక దొంగలు ఆరుగురూ బండిలో గడ్డి మీద కూర్చున్నారు. "ఒక్క నిమిషం, కాళ్లకి విశ్రాంతి" అన్నాడు ప్రిబుల్.

డెల్మర్‌కి రెప్పలు బరువెక్కడం మొదలైంది. కుర్చీ లాగుతోంది. మంచు కరిగి మెడమీదుగా కారిపోయింది, గింజలు కాలికి అలవాటైపోయాయి. అప్పుడు మార్జొరీ ఆఖరి అస్త్రం తీసింది. కౌంటీ రోడ్ల పెద్ద వేన్ బోయర్‌ని అరుగెక్కించి, వానకాలవల మీద ఈ ఏటి నివేదిక చదవమంది. వేన్ గొంతు నీళ్లడుగున డోలు వాయించినట్టుంటుంది.

"ఉత్తరపు రోడ్డు, మూడో తూము, కంకర వేయడమైనది. ఉత్తరపు రోడ్డు, నాలుగో తూము, కంకర వేయవలసి ఉన్నది..."

డెల్మర్ తల గుండె మీదకి వాలింది. ఒకసారి లేచింది. మళ్లీ వాలింది. గొంతులోంచి సన్నగా గుర్రు మొదటి అక్షరం బయటికొచ్చింది.

ఆర్డిస్ గబగబా మెట్లెక్కి వచ్చి అతని పక్కన పీట వేసుకుని కూర్చుంది.

"ఏమయ్యా, పొద్దున గిన్నెలు కడిగే మిషన్లో ఆ పెనం ఎవరు పెట్టారు?"

డెల్మర్ ఉలిక్కిపడ్డాడు. "ఏ పెనం?"

"మా అమ్మ ఇచ్చిన ఇనప పెనం. కడగొద్దు, తుడవాలి అని పెళ్లయిన నాటి నుంచీ చెబుతున్నా."

"నేను పెట్టలేదు."

"ఇంట్లో ఉన్నదే ఇద్దరం. నేను పెట్టలేదు. మరి ఎజ్రా వచ్చి పెట్టాడా?"

"అంటు ఉంది కాబట్టి పెట్టాను! అంటు ఉంటే పెట్టరా?"

"హమ్మయ్య, ఒప్పుకున్నాడు! అన్నట్టు నీ చెల్లెలు మొన్న ఫోన్లో ఏమందో తెలుసా?"

డెల్మర్ నిటారుగా కూర్చున్నాడు. "నా చెల్లెల్ని లాక్కురాకు!" వేన్ బోయర్ చదువుతున్నాడు, ఎవరూ వినడం లేదు. చెల్లెలి దగ్గర్నుంచి గోడరంగుకి, గోడరంగు నుంచి ఫ్లోరిడా ప్రయాణంలో దారి అడగనన్న రోజుకి వెళ్లింది మాట. డెల్మర్ కళ్లు బల్బుల్లా వెలిగాయి.

"అభ్యంతరం!" అంది మార్జొరీ. "చరిత్రలో ఇక్కడ పెళ్లాం లేదు."

"ఉండి ఉంటే పెట్టె పోయేదా అమ్మా?" అంది ఆర్డిస్.



నాలుగు గంటలకి చర్చి గంట కొట్టింది. ఏటా ఆ గంటకే బండి కదులుతుంది. గాడ్విన్‌లో దాణా తినిపిస్తారు కాబట్టి కంచరగాడిదలకి ఇంకెవరూ చెప్పక్కర్లేదు. అవి తలలాడించి బయల్దేరాయి. బండిలో గడ్డి మీద ఆరుగురు దొంగలూ ఒకరి భుజం మీద ఒకరు పడి, నోళ్లు తెరుచుకుని, ఒళ్లు తెలియకుండా నిద్రపోతున్నారు. మూరలు, తూములు వాళ్లకి బాగా పట్టాయి.

డెల్మర్ అరుగు చివరికి వచ్చి చూశాడు. జెండాలు ఊగాయి. ఆడవాళ్లు రుమాళ్లు ఊపారు, మేలుకున్నవాళ్లు. బండి వీధి మలుపు దగ్గరికి వెళ్తోంది. ఎంత బాగుందో! కానీ అందులో ఏదో లోటుంది. వెనక్కి తిరిగి చూశాడు. పెట్టె అరుగు మీదే ఉంది.

"ఓయ్!" అని అరిచాడు డెల్మర్, బడి పిల్లవాడు టిఫిన్ డబ్బా మర్చిపోతే అరిచినట్టు. "ఓయ్ డాక్టరూ! పెట్టె మర్చిపోయారు!"

ఆర్డిస్ అతని ప్యాంటు పట్టీలు వెనక నుంచి పట్టుకుని లాగింది. "నోరుమూసుకో. కాపలావాడివి నువ్వు."

గాడ్విన్‌లో బాకాలు ఊదారు, డోళ్లు వాయించారు. మేయరు ఉపన్యాసం అందుకుని "ఇదిగో, మన పెట్టె!" అంటూ బండి వైపు చెయ్యి చాచాడు. పళ్ల డాక్టరు గురక పెడుతున్నాడు, చేతిలో సొంత గడ్డం పట్టుకుని. ఆ తర్వాత డెల్మర్ జేబులో ఫోను మోగింది.

"డెల్మర్ గారూ," అన్నాడు మేయరు, "మా పెట్టె మీ దగ్గరే ఉండిపోయినట్టుంది."

"ఉందండీ. నేనూ ఉన్నాను. మేలుకునే ఉన్నాను."

"ఇప్పుడేం చేయమంటారు?"

"వచ్చి దొంగిలించుకోండి," అన్నాడు డెల్మర్, కాలి మీద కాలు వేసుకుని.

పెట్టె ఎక్కడుంటే కచేరీ అక్కడ, పెట్టె ఎక్కడుంటే పులుసు కూడా అక్కడే. గాడ్విన్ ఊరు ఊరంతా బానలు కార్లకెత్తుకుని స్మిర్నాకి తరలివచ్చింది. అంతమంది గాడ్విన్ వాళ్లు వడ్డిస్తూ స్మిర్నా వాళ్లు కూర్చుని తినడం ఎవరి తాతా చూడలేదు. కొందరు కుర్రకారు "కచేరీ వచ్చిందిగా, ఇక్కడే డ్రైవింగ్ లైసెన్సులు ఇవ్వండి" అని వేన్ బోయర్‌ని పట్టుకున్నారు. ప్రిబుల్ తలలో గడ్డి పరకలతో దిగాడు. దారి పొడుగునా జనం అతన్ని చూసి ఆవలించారు. ఆయన మెట్లెక్కి డెల్మర్ చేయి పట్టుకుని, "ఎలా ఉంటుందిరా ఆ కుర్చీ?" అని అడిగాడు, తోటి బాధితుణ్ణి అడిగినట్టు.

"హాయిగా ఉంటుంది డాక్టరూ. అదే దాంతో చిక్కు."

జనెల్ ఆసుపత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చింది, నర్సు బట్టల్లోనే. కళ్లకింద నల్లగా గుంటలు పడి ఉన్నాయి. తండ్రి జరిగినదంతా చేతులు తిప్పుతూ చెప్పాడు. చివరికి గొంతు సవరించుకుని, "అమ్మా జనెల్, ఇక మన ఇంటిపేరుకి ఆ మచ్చ లేదు. వచ్చే ఏడు నువ్వు ఆ కుర్చీ ఎక్కక్కర్లేదు" అన్నాడు.

జనెల్ మొహం పాలిపోయింది. "ఎక్కక్కర్లేదా?"

"అవసరం లేదమ్మా."

"నాన్నా! ఏం చేశావు నాన్నా! ఎప్పుడెప్పుడు నా వంతు వస్తుందా అని కాచుక్కూర్చున్నాను! మధ్యాహ్నం పూట, నీడలో, ఎవరూ లేపని చోటు ఈ కౌంటీలో ఇంకెక్కడుంది? జనం ఎదురుగా పడుకుంటే మెచ్చుకుని చప్పట్లు కొట్టే ఉద్యోగం ఎవరికొస్తుంది?"

"మరి... ఎజ్రా... పరువు..."

"పరువు తర్వాత చూద్దాం. కొంచెం జరుగు."

ఆమె కుర్చీలో కూర్చుంది, ఊరికే ఎలా ఉంటుందో చూద్దామని. కాళ్లు చాచింది. "ఓహో," అంది. అదే ఆఖరి మాట. తల పక్కకి వాలింది. డెల్మర్ శ్రుతిలోనే గుర్రు, కొంచెం పైస్థాయిలో, అరుగంతా నిండింది.

గాడ్విన్ వాళ్ల చేతుల్లో పులుసు గిన్నెలు ఆగిపోయాయి. ఆ కుర్చీలో ఒక ఫౌట్స్, నిజంగా, నిద్రపోతోంది. ప్రిబుల్ మార్జొరీని చూశాడు. మార్జొరీ జనెల్‌ని చూసింది, పెట్టెని చూసింది, ఆకాశం వైపు చూసింది, ఆ తర్వాత విసనకర్ర తెరిచి చల్లగా విసురుకుంటూ అటు తిరిగి నిలబడింది.

ఆరుగురూ బూట్లు విప్పి చేతుల్లో పట్టుకున్నారు. మునివేళ్ల మీద వచ్చారు. పెట్టెకి చేతులు ఆనించారు. కానీ ఇనుము రాతి మీద కిర్రుమంది, జనెల్ కనుబొమలు కదిలాయి.

"ష్ష్!" అన్నాడు డెల్మర్, పళ్ల బిగువున. "మెల్లగా! పిల్ల ఆసుపత్రిలో రెండు డ్యూటీలు చేసొచ్చింది."

"మరి ఎత్తడానికి బలం సరిపోవట్లేదురా," అని గుసగుసలాడాడు ప్రిబుల్. "అందరికీ నడుములు పట్టేశాయి, గడ్డిలో పడుకుని."

డెల్మర్ పెట్టెని చూశాడు. కూతుర్ని చూశాడు. టోపీ తీసి, ఈగలు వాలకుండా, ఆమె మొహం మీద అతి మెల్లగా కప్పాడు. చొక్కా చేతులు మడిచి, పెట్టెకి అటు పక్క వెళ్లి భుజం ఆనించాడు.

"హైలెస్సా," అన్నాడు ఊపిరి అంత చిన్నగా, జనెల్ గుర్రుకి తాళం తప్పకుండా.